పేరు పెట్టొద్దన్నారు

ప్లాట్ నది పక్కన
ముందురోజు ప్రూయిట్‌ని, ఆ రోజు అతని భార్యని
బాట నడిమధ్యే పూడ్చారు.
తోడేళ్ళు తవ్వకుండా
ఇరవై మూడు బళ్ళూ ఆ మన్ను మీదుగానే తోలారు.
మాది పద్దెనిమిదోది.
చక్రం కింద కాస్త మెత్తగా తగిలింది.
అప్పటికే పిల్ల నా ఒళ్ళో ఉంది.

"కొండలు దాటేదాకా పేరు పెట్టకు, లొవీనా"
అంది అమ్మ.
పేరున్నవాళ్ళకి గుర్తుచెక్క నాటాలి,
ఈ గడ్డి సముద్రంలో చెక్క ఎక్కడిది?
అమ్మ మిజోరీలో రెండు పేర్లు వదిలి వచ్చింది.
వాటిని నేనెప్పుడూ పలకను.

మా చారలావు పాలు
పొద్దున పితికి బండికి వేలాడదీస్తే
కుదుపులకే మధ్యాహ్నానికి వెన్నయ్యేవి.
ఇక వెన్న లేదు.
తమ్ముడు జోటమ్ నాతో మూడు రోజులు మాట్లాడలేదు.
పాలల్లో నీళ్ళు కలిపి, గుడ్డపీలిక ముంచి నోట్లో పెడితే
పిల్ల ఉమ్మేది.
మళ్ళీ పెట్టేదాన్ని. మళ్ళీ ఉమ్మేది.
జోటమ్ మాట్లాడిన రోజే
అదీ గుడ్డని క్షమించింది.

అడవిదున్నల పిడకలేరడం నా పని.
ఒంటిచేత్తో ఏరడం వచ్చేసింది.
మడిచిన గౌనులో పిడకలు, వీపున పిల్ల,
ఏది ఎక్కువ వెచ్చనో చెప్పలేను.
పొగకి ఇద్దరం ఒకేలా దగ్గేవాళ్ళం.

పేరు పెట్టొద్దన్నారు కదా, పెట్టలేదు.
ఏ ఏరు దాటితే ఆ ఏటి పేరే పెట్టి పిలిచాను.
స్వీట్‌వాటర్ అన్నన్నాళ్ళూ నవ్వింది.
శాండీ అన్నన్నాళ్ళూ ఏడ్చింది.
ఆ వారం ఉప్పునీళ్ళు తాగి
మా ఎడ్లు రెండు పడిపోయాయి.
పక్కబండి డెలాఫీల్డ్ ముసలాయన
"పాలు దండగ" అన్నాడు,
పిల్లకి వినబడేంత గట్టిగా.

ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే
అమ్మ లాంతరు తగ్గించి
బొటనవేలితో దాని పాదం కొలుస్తోంది.
నేను కళ్ళు మూసుకున్నాను.
తెల్లారేసరికి అమ్మ శాలువా
ఓ మూల కురచయింది.

నీలికొండలు దాటిన సాయంత్రం
నిప్పు రాజేస్తూ, నా వైపు చూడకుండా,
"ఏమని పిలుస్తున్నావు దాన్ని?" అంది.
నోరు తెరిచాను.
ఏళ్ళన్నీ ఒక్కసారే నాలుక మీదికొచ్చాయి,
ఒక్కటీ నిలవలేదు.

"ఆగు" అన్నాను అమ్మతో.
పిల్ల నా వేలు కొరికింది.
గుడ్డపీలిక కాదని తెలిసే కొరికింది.
పన్ను.
బియ్యపు గింజంత కూడా లేదు.