మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య

చర్చిగేట్‌లో దిగి
జనం ఎటు పోతే అటు నడిచాను.
వీధి చివర ఆకాశం ఒక్కసారిగా జారి
నా మోకాళ్ల ఎత్తుకి వచ్చి నిలబడింది.

మెరైన్ డ్రైవ్.
గోడ పొడుగునా జంటలు,
ఒక జంటకీ ఇంకో జంటకీ మధ్య
సరిగ్గా ఒక రహస్యం పట్టేంత ఎడం.
గోడ అవతల నాలుగు కాళ్ల సిమెంటు దిమ్మలు
ఆడి ఆడి విసుగొచ్చి ఎవరో పారబోసినట్టు.
సైకిల్‌కి ఫ్లాస్కు కట్టుకుని చాయ్ కుర్రాడు
అరవకుండానే అమ్ముకుంటున్నాడు.

నాకు దొరికిన ఖాళీ పక్కన
ఖాకీ చొక్కా ముసలాయన.
బూట్లు విప్పి, మేజోళ్లు మడిచి వాటిలో దాచి,
ఒళ్లో కాగితం చుట్టిన గోడ గడియారంతో
సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

అందరూ చూసేది అటు కదా అన్నాను
నా అరకొర హిందీలో.
రోడ్డుకి ఆవల వేలు చూపించాడు.
ఓడలా మూలలు గుండ్రంగా తిరిగిన
లేత పసుపు మేడ, ఆరు వరసల బాల్కనీలు.
"అది నా లిఫ్టు" అన్నాడు.
మేడ అనలేదు.

ఆత్మారామ్ ఖేడేకర్. నాలాసోపారా నుంచి
రోజూ ఒంటికాలి మీద వచ్చేవాడు.
ముప్పై రెండేళ్లు
ఒక మడత తలుపు, ఒక ఇత్తడి పిడి, ఒక స్టూలు.
ఐదో అంతస్తు దౌలత్ బాయి కుక్క
గుమ్మంలోకి రాగానే ఆయన మొహంకేసి చూసేదట,
చెప్పక్కర్లేదుగా అన్నట్టు.
సముద్రం కోపంలో ఉందో లేదో
గొడుగులు కారే తీరుని బట్టి తెలిసేదట.
చౌపాటీ నుంచి కొత్త కోడలు
చెప్పుల్లో మోసుకొచ్చిన ఇసుకని
సాయంత్రం ఆయనే ఊడ్చేవాడు.

"నాకు సముద్రం వాయిదాల్లో వచ్చేది.
మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య
గోడలో అరచేయంత కంత.
ఎక్కుతుంటే ఒక రెప్పపాటు నీలం,
దిగుతుంటే ఇంకో రెప్పపాటు."
ఒకసారి కరెంటు పోయి, చీకట్లో ఒక్కడే ఇరుక్కుని
లెక్క కట్టాడట.
రెప్పపాట్లన్నీ కూడినా
వారం నిండలేదు.

రోడ్డు దాటడానికి ముప్పై రెండేళ్లా?
అడగకూడనిది అడిగేశాను.
"ట్రాఫిక్ ఎక్కువ" అన్నాడు.

నిన్న కొత్త లిఫ్టు పెట్టారు. స్టీలు డబ్బా.
ఎవరో అమ్మాయి గొంతు ఇంగ్లీషులో అంతస్తు చెబుతుందట.
దానికి స్టూలు అక్కర్లేదు.
కంత పూడ్చి సున్నం కొట్టారు.
అందరూ చందాలేసుకుని గడియారం ఇచ్చారు,
ఇక టైముతో పని లేనివాడికి.

పోటు మొదలైంది.
దిమ్మల సందుల్లో గుర్రుమని తిరిగి తిరిగి
ఒక అల గోడెక్కి విరిగింది.
జంటలు కేకలేసి చెదిరాయి. నేనూ లేచాను.
ఆయన మాత్రం గడియారం మీదికి వంగి
వీపంతా తడిపించుకున్నాడు.
తర్వాత పెదవులు నాక్కుని
నెమ్మదిగా అన్నాడు:
"ఇన్నేళ్లు ఈ వీధి ఉప్పు తిన్నాను.
రుచి తెలియడం ఇవాళే."

అప్పుడు తిరిగాడు.
ఒక కాలు, కాసేపాగి ఇంకో కాలు
గోడ అవతలికి వేశాడు.
మలబార్ హిల్ దాకా దీపాలు వెలిగాయి.
ఆ దీపాల హారం చూసి రమ్మనే నన్ను పంపారు మావాళ్లు.
ఎలా ఉందంటే ఏం చెప్పను,
నేను చూసింది ఒక చెయ్యిని.

నీళ్లు లేచేవి, ఒక క్షణం ఆగేవి, దిగేవి.
గోడ మీద ఆయన కుడి పిడికిలి
తనకి తెలియకుండానే
ముందుకి కదిలేది, ఆగేది, వెనక్కి వచ్చేది.
ఒక అల దగ్గర మాత్రం
దింపకుండా కొంచెం ఆలస్యం చేశాడు,
ఇంకా ఎవరో ఎక్కాల్సిన వాళ్లు
పరిగెత్తుకొస్తున్నట్టు.