మిగిలిన రాయి

హాజరు పిలిచేటప్పుడు అంబుజ టీచర్
మా పేర్లకన్నా ముందు
"నాలుగు వందల పదిహేడు" అనేది.
ఎవరం పలికేవాళ్లం కాదు.
ఒక్క క్షణం కిటికీ వైపు చూసి
"రాలే" అని తనలో తనే అనుకుని
అప్పుడు మొదలుపెట్టేది, ఆడెపు స్రవంతితో.

కొత్తవాడ సర్కారు బడిలో
డ్రాయింగుకు వారానికి రెండే పీరియడ్లు.
చింతగింజో, తుప్పుపట్టిన తాళమో, కండెనో
చేతిలో పెట్టి
"దీని బరువు గీయుండ్రి" అనేది.
బరువునెట్ల గీస్తరు టీచర్?
"నాకేం తెలుసురా. మోసుడు తెలుసు గంతే."

ఆమె కథ మాకు వరసగా తెలియలేదు.
సుద్దముక్క విరిగిన రోజు కొంచెం,
కరెంటు పోయిన రోజు కొంచెం.

ములుగు తోవలో, పత్తి చేన్ల నడుమ
ఒరిగిపోయిన చిన్న గుడి.
దాన్ని విప్పారు
పాత గడియారాన్ని విప్పినట్టు.
ఇరవై మూడేళ్ల అంబుజకు
ప్రతి రాయి మీదా తెల్లరంగుతో అంకె వేసే పని.
మొత్తం వెయ్యీ పన్నెండు.
పునాదిలో ఇసుక బయటపడ్డనాడు
కూలి ఓదెమ్మ పిడికెడు తీసి చూపిందట.
"గింత బండల కింద గింత మెత్తదనమా బిడ్డా!"

నిధులాగాయి. రాళ్లు గడ్డిలో పడుకున్నాయి.
ఆమె వెళ్లి నాయిన నర్సింగం మగ్గం ముందు కూచుంది.
స్తంభం మీద చూసిన లతను
షత్రంజీలోకి దించబోతే
దారం వంపు తిరగనంది.
మెట్లుమెట్లుగానే పోతానంది.
"పోనీ" అంది ఆమె. లత మెట్లెక్కింది.
షావుకారు నవ్వాడు, నవ్వి పన్నెండు కొన్నాడు.
వాటి వెంటే ఒక చలిదేశపు ఎగ్జిబిషనుకు పోయి
మన ఎంబసీలో మూడో అంతస్తులో
ఎనిమిదేళ్లు ఉండిపోయింది.

అక్కడ ఒక్క మాట కోసం
పద్నాలుగు నెలలు.
మన గోడ నుంచి ఎవరో పెకలించుకుపోయిన మదనిక
వాళ్ల అద్దాల పెట్టెలో నిలబడి ఉంది.
కానుకగా ఇస్తామని వాళ్లు.
తిరిగి ఇస్తున్నామని రాయాలని మనవాళ్లు.
బల్ల మీద టీలు చల్లారేవి, మళ్లీ వచ్చేవి.
చివరికి అంబుజ ఒక కాగితం ముక్క జరిపింది:
"విగ్రహం వరంగల్లుకు ప్రయాణమగును."
ఎవరూ ఇచ్చింది లేదు,
ఎవరూ పుచ్చుకున్నది లేదు.
సంతకాలవుతుంటే ఆమెకు
ఓదెమ్మ పిడికిలి గుర్తొచ్చిందట.

(ఆ మదనిక ఇప్పుడు
తాళం వేసిన ఒక సర్కారు గదిలో ఉంది.
తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు.)

ఈలోగా ఇక్కడ గుడి లేచింది.
సెలవు పెట్టి వచ్చి చూసింది.
శిఖరం పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు.
గడ్డిలో ఒక రాయి మిగిలింది.
417.
అంకె తన చేతిరాతే.
ఇంజనీరు ప్లానును తలకిందులు చేసి కూడా చూశాడు.
గుడి మాత్రం ఏమీ ఎరగనట్టు
నిటారుగా ఉంది.
"అది లేకుంటె నిలవడ్డదంటె
అది అక్కెర లేదన్నట్టా?"
అని మమ్మల్ని అడిగింది.
ఏడో తరగతి మేము. ఏం చెప్తాం.
గంట కొట్టారు.

మొన్న ఆ తోవన పోతూ బండి ఆపాను.
రాయి ఉంది, గుడికి ఇరవై అడుగుల దూరంలో.
దాని మీద కూచుని మేకల పిల్ల ఒకతి
ఫోనులో ఏదో చూసి నవ్వుకుంటోంది.
నాలుగు చెరిగిపోయింది, ఒకటి ఉంది,
ఏడు మీద ఆ పిల్ల మడమ.
లెమ్మనలేదు నేను.

టీచర్‌కు ఫోన్ చేయాలి.
ఆమెకిప్పుడు ఒక చెవి వినబడదు.
గట్టిగా, రెండుసార్లు చెప్పాలి.
వచ్చింది టీచర్.
వచ్చింది.