ఇరవై ఒకటో బైటు

కాలవలు కట్టేసిన మే నెల.
లాకుల కింద నీరు చీలమండల దాకా తగ్గింది.
బురదలోంచి బయటపడ్డాయి
ఒక సైకిలు రిమ్ము, గుర్రపుడెక్క వేళ్ళు,
ఏ రేవులోనో జారిపోయిన ఇత్తడి చెంబు.

షట్టరు మరకి గ్రీజు పూస్తున్న లస్కరు ముసలయ్య
చేతులు లుంగీకి తుడుచుకుని
జేబులోంచి జీతం చీటీ తీశాడు.
"నా పేరు చివర ఈ డబ్బా ఏంటండమ్మా?
బ్యాంకోళ్ళు నేను నేను కాదంటన్నారు."

ముసలయ్
ఆ పక్కన నల్లటి వజ్రంలో ఒక ప్రశ్నగుర్తు.

నాకు నవ్వు రాలేదు.
ఆ కోత ఏ కత్తిదో నాకు తెలుసు.
దానికి సాన పట్టేవాళ్ళం లోకం మొత్తమ్మీద ముగ్గురం,
అందులో ఒకదాన్ని
కొత్తపేటలో, పిండిమర మీది గదిలో ఉంటాను.

కెర్నెల్ గురించి అందరూ మాట్లాడతారు,
ఆనకట్ట గురించి మాట్లాడినట్టు.
నేను బోదెల మనిషిని.
చేలోకి నీరు తెచ్చేది
మూరెడు వెడల్పు బోదె.
పూడిపోయిన రోజున తప్ప
దాని పేరెవరికీ గుర్తు రాదు.

ఈ పనిముట్టు పేరు కట్. పనీ అదే.
ఇక్కణ్ణుంచి ఇక్కడికి కొయ్యమంటే కోస్తుంది,
ఎవర్నని అడగదు.
తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడేసి బైట్లు.
మ, దాని కొమ్ము, స, ల,
య, దాని పొల్లు, కిందికి దిగాల్సిన ఇంకో య.
ఏడు మూళ్ళు ఇరవై ఒకటి.
జీతం చీటీలో గడి ఇరవై.

మాన్యువల్లో ఒక మీట ఉంది, 'ఎన్' అని.
అది నొక్కితే అక్షరాన్ని మధ్యలో విరవదట.
గుమాస్తా శేషవేణి నొక్కే ఉంది, పాపం.
రాత్రి కోడ్ తెరిచి చూశాను.
ఎన్ వస్తే: ఏమీ చేయకు.
అంతే. ముప్ఫై ఏళ్ళుగా అంతే.
పక్కన ఎవరిదో వ్యాఖ్య: తర్వాత చూద్దాం.

పొద్దున్నే వెళ్ళి చెబితే ముసలయ్య తలూపాడు.
"ఆయ్, మా మూడో గేటూ అదేనండి.
చక్రం తిరుగుద్ది, షట్టరు లేవదు.
గట్టు మీంచి చూసేవోడికి
లాకు పనిచేత్తన్నట్టే ఉంటది."

పదకొండు లైన్లు రాశాను.
టెస్టులు మూడు పడిపోయాయి, రెండు నావే తప్పులు.
కరెంటు పోయింది. కింద పిండిమర ఆగింది.
ఆ నిశ్శబ్దంలో నాలుగో తప్పు దొరికింది.

డబ్బా పోయింది.
మిగిలింది పద్దెనిమిది బైట్ల ముసలయ్.

ప్యాచ్ చూసినవాడు మంచుదేశం మనిషి, మంచివాడు.
"అక్షరం విరగలేదు, ప్రమాణం ప్రకారం సరే" అన్నాడు.
మా వైపు య్ దగ్గర ఎవరూ ఆగరు,
పిలుస్తుండగా ఊపిరాగితే తప్ప, అని రాశాను.
రెండ్రోజులకి జవాబొచ్చింది:
"ఒత్తు అంటే ఏమిటి?"
నాలుగు పేజీలు రాసి, చెరిపి,
కాగితం మీద య్య గీసి ఫొటో పంపాను.
ఆ మాట ఇంకా తేలలేదు.

ఈలోగా సెక్షన్ ఆఫీసుకి వెళ్ళాను.
ఆ స్క్రిప్టు రాసినాయన ఎప్పుడో బదిలీ అయ్యాడు,
దాన్ని ముట్టుకోడానికి అందరికీ భయం.
శేషవేణి కళ్ళు మూసుకుంది.
ఇరవై తీసి అరవై పెట్టాను.
ప్రింటరు కాసేపు గొణిగి
పేరు మొత్తం ఇచ్చింది.

జూన్‌లో నీళ్ళు వదిలారు.
ఎర్రటి మొదటి నీరు, నురగ మీద గడ్డిపరకలు.
ముసలయ్య మూడో గేటు చక్రం పట్టుకున్నాడు.
ఒక చుట్టు. రెండు. షట్టరు లేచింది,
కింద సందులోంచి నీరు బుస కొట్టింది.
మూడో చుట్టు దగ్గర కిర్రుమని ఆగిపోయింది.

చెవి ఆనించి విన్నాడు.
"ఇది అది కాదండమ్మా," అన్నాడు,
"ఇది ఇంకోటి."
గ్రీజు డబ్బా అందుకున్నాడు.
నేను ఇంటికొచ్చి
టెయిల్ తెరిచాను.