పావురం మెడ

నగరి బస్టాండు వెనక నా అంగడి.
ఏకాంబరం మేస్త్రి పొద్దున్నే వచ్చినాడు,
చంకలో అట్ట చిరిగిన నోటుబుక్కు.
నలభై ఏళ్ళ నూలు పోగులు, పేజీకి పన్నెండు,
ప్రతి పోగు కింద పెన్సిల్‌తో ఒక పేరు:
ఉల్లిపొర, మెంతిపొడి, చింతపిక్క, కనకాంబరం,
జేజి నమిలిన వక్క.
"దీన్ని పీడీఎఫ్ చెయ్యి నాయనా,
ఈరోడ్ షావుకారు ఫోన్లో చూసి ఆర్డరిస్తాడంట."

స్కాన్ నిమిషం పని.
తెర మీద బాగానే ఉండింది.
ఫైలు చేసి తెరిస్తే
ఉల్లిపొర వెలిసి పుండుకు కట్టిన గుడ్డయింది,
కనకాంబరం ఇటుకపొడి,
చింతపిక్క బొగ్గు.
మేస్త్రి ఏమీ అనలేదు.
తన గోళ్ళు చూసుకున్నాడు.
గోళ్ళ సందుల్లో నీలం సరిగ్గానే ఉంది.

గాజు తుడిచినాను.
దీపం వేడెక్కేదాకా రెండు ఉత్త స్కాన్లు తీసినాను.
ఆటో కలర్ అని ఒకటుంది, పిలవని పెద్దమనిషి,
పాత కాగితం పసుపును జబ్బనుకొని
అన్నిటికీ నీలం మందు పోసేస్తాది.
దాన్ని తీసేసినాను.
సైజు తగ్గించేది కూడా ఆపినాను,
ఎక్కువ నొక్కితే పక్కపక్క రంగులు
షేర్ ఆటోలో జనం మాదిరి ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటాయి.
ఇంకా ఇటుకపొడే.

కరెంటు పోయింది. టీ తాగినాం. వచ్చింది.
అప్పుడు కనపడింది:
ఫైలు చేసేటప్పుడు ప్రోగ్రాము
రంగులన్నిటినీ ప్రెస్సు లెక్కకు, నాలుగు సిరాలకు, మార్చేస్తా ఉంది.
నాలుగు తొట్లలో ముంచితే కనకాంబరం యాడొస్తాది?
"నీళ్ళు మారితే ఇట్లే," అన్నాడు మేస్త్రి.
"మా నాయిన పుత్తూరు బావికి ఒక కొలత,
ఈ ఊరి బోరుకు ఒక కొలత రాసిపెట్టినాడు."
అదే. నీళ్ళు మార్చినాను.

కనకాంబరం పూసింది.
ఉల్లిపొర పొరగా లేచింది.
అల్లుడి ఫోన్‌కు పంపితే మళ్ళీ అన్నిటికీ పచ్చకామెర్లు.
కళ్ళకు మంచిదని రాత్రి పెట్టుకున్న పసుపు వెలుగు
పగలు కూడా తీయలేదంట.

చివరి పేజీలో గుడ్డముక్క ఒకటి.
పావురం మెడ.
పడుగు పచ్చ, పేక వంగపండు.
మేస్త్రి పుస్తకం ఇటు వంచితే ఒకటి, అటు వంచితే ఇంకొకటి,
నడుమ పేరు లేనిది రొంత.
ఫైల్లో బూడిద.
అడ్డంగా పెట్టినాను, ఏటవాలుగా పెట్టినాను, మూత ఎత్తి తీసినాను.
బూడిద. కాస్త ముదురు బూడిద.
స్కానరు దీపం ఒక పక్క నుంచే చూస్తాది,
మెడ తిప్పలేని దానికి మెడ రంగేం తెలుస్తాది?

మేస్త్రి పెన్ను అడిగినాడు.
ముక్క కింద కూడబలుక్కుంటా రాసినాడు:
"ఇది దీంట్లో రాదు. ఎండ ఉన్నప్పుడు రండి."
ఆ పేజీ మళ్ళీ తీసినాను.
పెన్ను నీలం మాత్రం ఉన్నదున్నట్టు వచ్చింది.

ముప్పై ఆరు పేజీలు.
ముప్పై అయిదుకే దుడ్లిచ్చినాడు.
రంగు పట్టని పోగుకు కూలి లేదంట,
వాళ్ళ అద్దకంలో.