ఒక బకెట్టు

వేళచ్చేరి, మూడో అంతస్తు. కరెంటు పోయింది.
ఫోన్ వెలుగులో ఎడారి డేరాలు ఎంచుతున్నాం.

ఒకదాంట్లో ఈతకొలనుందట, ఇసుక మధ్యన.
ఇంకోదాంట్లో ఏసీ, రాత్రికి డప్పులూ డాన్సూ,
ఒంటె మీద ఫోటో.
హైమవతి పెదవి విరిచింది:
"ఆ గోలకి పిట్ట నిలుస్తుందా?"

పిట్టంటే బట్టమేక పిట్ట.
రోళ్ళపాడు బోదగడ్డిలో వాళ్ళ నాన్న
చెయ్యెత్తి చూపించేసరికి లేచిపోయిందట.
అప్పుడామెకి ఆరేళ్ళు.
చూశానో, చూశాననుకున్నానో, అంటుంది ఇప్పటికీ.

చివరిది మట్టిగోడల గది.
కింద చీమకాళ్ళంత అక్షరాలు:
మనిషికి రోజుకి ఒక బకెట్టు నీళ్ళే.

వీధిలో ట్యాంకర్ హారన్.
రెండు బిందెలు చంకనేసుకుని
చీకట్లో మెట్లు దిగుతూ కేకేసింది:
"అదే ఖాయం చెయ్!
బకెట్టు చాలు గానీ,
బైనాక్యులర్ మాత్రం చెరొకటి."