పది మార్కుల ప్రశ్న

కూర్చో మినతీ. ఫ్యాను కింద వద్దు, కాగితాలెగురుతాయి.
కాలేజీలో ఒడియాలో రాయించిన నోట్సు మర్చిపో,
బజార్లో కొన్న గైడూ మర్చిపో.
పద్యం తెరువు.
నూట యాభై ఏళ్ళ కిందటి ఇంగ్లీషు పల్లె. రాత్రి. వాన.
మేడ మీద తమ్ముడి శవం.
కింద, గుర్రాల బేరగాడు డాక్టరుకి సారా పోస్తూ
మాట్లాడుతున్నాడు.
అరవై నాలుగు పంక్తులు. అన్నీ వాడివే.
డాక్టరుకి ఒక్క ముక్క లేదు.

ఎవరు మాట్లాడుతున్నారని అడక్కు,
అది ఎవడైనా చెప్తాడు.
ఎవరు వింటున్నారు?
పన్నెండో పంక్తిలో "గ్లాసు పక్కన పెట్టేశారేం" అంటాడు, చూడు.
అంటే డాక్టరు పెట్టేశాడన్న మాట.
కవి చెప్పలేదు, వీడి నోట జారింది.
మహేంద్రతనయలో చేప కనపడదు,
నీటి మీద సుడి కనపడుతుంది.
ఆ సుడి కింద గీత గియ్యి. పెన్సిలుతో.

తర్వాత, లెక్కపెట్టు.
"తమ్ముణ్ణి ప్రాణంలా చూసుకున్నాను."
ఎన్నిసార్లన్నాడు? మూడు.
మొదటిసారి మాట. రెండోసారి బేరం.
మూడోసారి, రాసుకో,
సాక్ష్యం దొరకనివాడు తనకు తాను చెప్పుకునేది.

ఇంకోటి. భాష ఎక్కడ చిట్లిందో పట్టుకో.
అంతదాకా దొరలా మాట్లాడినవాడు
యాభయ్యో పంక్తి దగ్గర గుర్రాలసాల యాసలోకి జారిపోతాడు.
అందరూ అక్కడ 'సహజత్వం' అని రాసి పేజీ తిప్పేస్తారు.
నువ్వు 'భయం' అని రాయి.
దిద్దేవాడు భువనేశ్వర్‌లో ఉన్నా బరంపురంలో ఉన్నా
పెన్ను ఒక్క క్షణం ఆపుతాడు.

ఇదంతా నాకెవరు నేర్పారంటావా?
ఎవరూ లేరు. నా సొంతం.
తొంభై మూడులో, ఈ పర్లాకిమిడి కాలేజీలోనే,
ఇదే పద్యం మీద వ్యాసం పోటీ. ఫస్టు ప్రైజు.
అదుగో గోడ మీద సర్టిఫికెట్టు,
చెమ్మ పట్టకుండా రెండేళ్ళకోసారి అద్దం మార్పిస్తాను.
ఆ కాగితం చూసే నాకు ఉద్యోగమిచ్చారు.

మీ అమ్మదీ మా క్లాసే. చెప్పలేదా?
జగదాంబ. తెల్లారుజామున దువ్వెనలకు మెరుగు పెట్టి వచ్చేది,
నోటుబుక్కు తెరిస్తే గేదెకొమ్ము పొడి రాలేది,
కాలిన వాసన.
పోటీ నాడు ఆవిడకి జ్వరం.
నోటుబుక్కు నా దగ్గరుండిపోయింది. అంతే.
నేనేం దొంగిలించలేదు.
ఆలోచనంటే నౌపడా రైల్లో సీటు లాంటిది,
ముందు రుమాలు వేసినవాడిది.

టీ చల్లారిపోతోంది.
పక్కన పెట్టేశావేం?

ఆవిడ చదువు మానేసింది నా మూలంగా కాదు.
వాళ్ళ నాన్నకి చూపు మందగించింది,
కొమ్ము కోసే చోట ఇంకో మనిషి కావలసొచ్చింది.
చూసి రావాలనే అనుకున్నాను. రెండు వీధులే దూరం.
ఎండాకాలం అయ్యాక అనుకున్నాను.
ఎన్ని ఎండాకాలాలో.
దొంగిలించలేదు మినతీ. వాక్యాలు నావి.
ఆ చేపా సుడీ ఒక్కటే...
అదీ ఏటి ఒడ్డున పుట్టినవాళ్ళు ఎవరైనా అనే మాటే.

నీ దగ్గర ఫీజు వద్దన్నది అందుకు కాదు.
తెలివైన పిల్లవని.

ఏటలా సూత్తన్నావు?
నానేటి సేసినానని?
ఇంటి మీద సేటు అప్పు, మా అయ్య మంచాన,
ఆ కాయితం నేకపోతే మేం ఏటైపోదుమో నీకు తెలుసా?
నాను దొంగతనం సెయ్యనేదు!

...

సరే. ఎక్కడున్నాం?
యాభయ్యో పంక్తి.

మినతీ,
పుస్తకం ఇక్కడే ఉంది కదా,
నువ్వు ఆ తెల్లకాగితం మీద
దేని కింద గీత గీస్తున్నావు?