ఏ గడిలో రాయాలె

పాఠ్య పథకం కాగితానికి నడుమ ఒక గీత.
ఎడమ దిక్కు: ఉపాధ్యాయుని కృత్యం.
కుడి దిక్కు: విద్యార్థి కృత్యం.
జమ్మికుంటల ఎక్కి కాజీపేటల దిగేలోపు
స్కేలు పెట్టి నలభై కాగితాలకు గీత కొట్టిన.
రైలు ఊగిన కాడల్లా గీత వంకర.

నాలుగేండ్ల కోర్సు. డిగ్రీ, బీఎడ్డు ఒకటే తాపకు.
"రెండూ ఎట్ల సదువుతవే" అన్నది
మక్కకంకుల గంప పక్కన కూసున్న అవ్వ,
"ఒక్క కూరతోని రెండు పూటలు ఎల్లదీసినట్టా?"
అంతనే అన్న.
అంత కాదు.
ఒకటే పొయ్యి మీద రెండు కూరలు మాడ్చినట్టు.

పొద్దుగాల తొమ్మిదింటికి నేను
ఉష్ణగతికశాస్త్రంల రెండోసారి తప్పిన పిల్లను.
మూడో బెంచి, గోడ పక్క.
సార్ నా దిక్కు చూస్తె పెన్ను కింద పడేసి
ఎతుకుతున్నట్టు వంగుత.
పన్నెండింటికి నస్రీన్ హాస్టల్ రూముల
పిన్నులు పండ్ల నడుమ పట్టుకొని
చీర కుచ్చిళ్లు లెక్కపెడుత.
ఒంటిగంటన్నరకు హసన్‌పర్తి బడిల
తొమ్మిదో తరగతి లేచి నిలబడి
"నమస్తే టీచర్" అని సాగదీస్తది.
మొదటి రోజు
నా ఎనక ఎవరొచ్చిన్రో అని మళ్లి చూసిన.

ఆ రోజు పాఠం బాష్పీభవనం.
చార్టు మీద రంజన్ బొమ్మ, చుట్టూ నీలి బాణాలు.
మట్టికి సన్నటి రంధ్రాలుంటయని,
చెమ్మ బయటికొచ్చి ఆవిరైతూ
లోపలి వేడిని ఎత్తుకపోతదని చెప్పిన.
ఓదెలు చెయ్యి ఎత్తలేదు, సీదా లేచిండు.
"టీచర్, మా రంజన్ నాలుగేండ్ల సంది ఉన్నది.
మొదటి ఏడు పండ్లు జివ్వుమనేటియి.
మొన్నటి ఎండకాలం ఉత్త నీళ్లే.
మట్టి గదే గద. మరెందుకు?"

ముప్పైరెండు జతల కండ్లు.
ఎనక బెంచిల ఎర్రపెన్ను తోని వేదకుమార్ సార్.
ప్రశ్నను తరగతికే తిప్పాలని నేర్పిన్రు.
తిప్పిన.
తరగతంతా తిరిగి నా కాడికే వచ్చింది.
కింద పడేసి వంగుదామంటే
చేతుల సుద్దముక్కే ఉన్నది.
"నాకు తెల్వదు, రేపు చెప్త" అన్న.

సాయంత్రం లైబ్రరీల గుప్తోష్ణం మళ్లీ తీసిన.
మార్కుల కోసం కాకుండ
తెల్లారి ఒంటిగంటన్నర కోసం చదివిన.
సూత్రాలున్నయ్, పాత రంజన్ లేదు.
కాజీపేట స్టేషన్ బయట కుండలమ్మేటామె
ఒకదాన్ని వేలితోని టంగుమనిపించి చెప్పింది:
"సందులు పూడుకపోతయ్ బిడ్డా.
బోరునీళ్లకు తెల్లటి పొర పడ్తది.
పీచుతోని రుద్దితె కొంత నయం.
అయినా పాతది పాతదే."
నేను కొనలేదు. ఆమె కొనుమనలేదు.

తెల్లారి ఓదెలు రాలేదు.
మూడు రోజులు రాలేదు, పత్తి ఏరుతున్నరు.
జవాబును టిఫిన్ డబ్బ లెక్క అటూ ఇటూ మోసిన.
నాలుగో నాడు వచ్చిండు, వేళ్ల నిండ పత్తికాయ గీరిన గీతలు.
చెప్పిన. ఆసాంతం విన్నడు.
"మా నానమ్మ గూడ గదే అన్నది టీచర్"
అని కూసున్నడు.

సప్లిమెంటరీల ఐదు మార్కుల ప్రశ్న వచ్చింది.
సున్నపు పొర గురించి గూడ రాసిన.
దానికి మార్కులు ఉండయని తెలిసే రాసిన.

రికార్డు రేపు ఇయ్యాలె.
ఎడమ గడిల నేను రాసింది: తెల్వదన్నది.
కుడి గడిల: అడిగిండు.
కింద ఎర్రసిరా: ఉపాధ్యాయుని కృత్యం సరిగా లేదు,
తిరిగి రాయుము.

రాత్రి రైలుల కొత్త కాగితం, అదే స్కేలు.
ఉప్పల్ దాటినంక పెట్టె ఊగింది.
గీత కుడి దిక్కు జరిగి
ఎడమ గడి కొంత పెద్దగైంది,
ఓదెలు ప్రశ్న పట్టేటంత.